కలుపులో సమాధి, వంటింటి బల్ల మీద పుస్తకం

నల్లజాతి స్త్రీల కథ – 9వ భాగం

షర్లీ చిషమ్ ఓటమి దగ్గర పోయిన భాగం ఆపాం. 1972లో అమెరికా అధ్యక్ష పదవి కోసం డెమోక్రటిక్ పార్టీలో పోటీకి దిగిన ఆ బ్రూక్లిన్ మనిషికి నల్లజాతి మగ నాయకుల్లో చాలామంది మొహం చాటేశారు. స్త్రీ విముక్తి కోసం ఊరేగింపులు తీసిన తెల్లజాతి నాయకురాళ్ల మద్దతు కూడా అరకొరగానే దక్కింది. అంతకు రెండేళ్ల ముందు టోనీ కేడ్ తెచ్చిన ‘ద బ్లాక్ ఉమన్’ సంకలనం చవక పేపర్‌బ్యాక్‌గా చేతులు మారుతూ తిరిగిన సంగతీ చెప్పుకున్నాం. ఆ పుస్తకాన్ని సంచిలో వేసుకుని కాలేజీకి వెళ్లిన ఆడపిల్లలు ఇప్పుడు పాఠాలు చెప్పే వయసుకొచ్చారు. తీరా తరగతి గదిలో నిలబడితే, తాము చెప్పదలచుకున్న పాఠానికి పుస్తకాల్లేవు. ఆ లోటును వాళ్లు ఎలా పూడ్చుకున్నారో ఈ భాగంలో చూద్దాం.

1973 ఆగస్టు. ఫ్లోరిడా తూర్పు తీరంలో ఫోర్ట్ పియర్స్ అనే ఊరు. అక్కడి నల్లవాళ్ల శ్మశానంలో నడుముదాకా పెరిగిన పిచ్చిమొక్కల మధ్య ఒక యువతి దేన్నో వెతుకుతోంది. పాములుంటాయేమోనని భయం. తోడుగా ఆ ఊళ్లో అంత్యక్రియలు జరిపించే సంస్థలో పనిచేసే ఒకావిడ వచ్చింది. వాళ్లు వెతుకుతున్న సమాధి మీద రాయి లేదు, పేరు లేదు. ఎంతసేపటికీ ఆనవాలు దొరక్కపోయేసరికి ఆ యువతి ‘జోరా’ అని గొంతెత్తి పిలిచింది. మరికాస్త ముందుకు నడిచేసరికి కాలు ఒక గుంటలోకి దిగింది. మనిషి పొడవున నేల కుంగిన చోటు అది. ఇదే అయివుంటుందని నిశ్చయించుకుంది.

ఆ యువతి ఆలిస్ వాకర్. అప్పటికి ఆమెకు 29 ఏళ్లు. జార్జియా రాష్ట్రంలో కౌలు రైతుల ఇంట ఎనిమిదో సంతానంగా పుట్టి, చదువుకుని, కవయిత్రిగా, నవలాకారిణిగా అప్పుడప్పుడే పేరు తెచ్చుకుంటోంది. ఊరివాళ్లు నోరు విప్పాలంటే బంధుత్వం ఉండాలి కదా. అందుకని తాను చనిపోయినావిడకు మేనకోడలినని చెప్పుకుంది. రక్తసంబంధమేమీ లేదు. సమాధి రాళ్లు అమ్మే చోటికి వెళ్లి, నచ్చిన నల్లరాయి ధర తన స్తోమతుకు మించిందని తేలాక, మామూలు బూడిదరంగు రాయి కొని నిలబెట్టించింది. రాయి మీద పుట్టిన ఏడాది 1901 అని చెక్కారు. అసలు ఏడాది 1891. ఆ పొరపాటుకు కారణం వాకర్ కాదు. చదువుకోవడానికి అవకాశం దొరకాలని జోరా తన వయసులో పదేళ్లు తానే తగ్గించుకుంది. 26 ఏళ్ల వయసులో బడిలో కూర్చోవలసి వచ్చిన మనిషి ఇంకేం చేస్తుంది?

ఈ జోరా నీల్ హర్‌స్టన్ ఎవరు? 1920లలో న్యూయార్క్‌లోని హార్లెం పేటలో నల్లజాతి సాహిత్యం, సంగీతం వెల్లువెత్తిన రోజుల్లో అందరి నోటా వినిపించిన పేరు. 1928లో బర్నార్డ్ కాలేజీ నుంచి పట్టా పుచ్చుకుంది. ఫ్రాంజ్ బోయస్ దగ్గర మానవశాస్త్రం చదువుకుని, దక్షిణాది పల్లెల్లో తిరిగి నల్లవాళ్ల కథలు, సామెతలు, పాటలు సేకరించింది. 1937లో ‘దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్’ అనే నవల రాసింది. మూడు పెళ్లిళ్లు చేసుకుని, తన మనసేమిటో తాను తెలుసుకున్న ఒక పల్లెటూరి నల్ల స్త్రీ కథ అది. ఆనాటికి పేరెక్కుతున్న నల్లజాతి రచయిత రిచర్డ్ రైట్ ఆ నవలను తీసిపారేశాడు. అందులో చెప్పదగ్గ విషయమే లేదన్నాడు. జాత్యహంకారం మీద పిడికిలి బిగించిన రచనే గొప్ప రచన అనుకునే కాలం. ఆడదాని మనసు, పల్లె యాస, అరుగు మీది కబుర్లు ఆ కొలతకు అందలేదు. పుస్తకాలు అచ్చులోంచి తప్పుకున్నాయి. ఫోర్ట్ పియర్స్‌లో కొన్నాళ్లు బడిలో పాఠాలు చెప్పి, జబ్బుపడి, జిల్లా సంక్షేమ గృహంలో చేరి, 1960 జనవరి 28న హర్‌స్టన్ కన్నుమూసింది. ఊరివాళ్లు చందాలు వేసుకుని అంత్యక్రియలు చేశారు.

ఆ తరవాత జరిగింది చదివితే ఒళ్లు జలదరిస్తుంది. ఆమె సామాన్లు తగలబెట్టమని పనివాడికి పురమాయించారు. కాగితాలు మంటల్లో పడ్డాయి. అదే సమయానికి ఆ దారిన వెళ్తున్న పాట్రిక్ డువాల్ అనే నల్లజాతి పోలీసు అధికారి మంట చూసి ఆగాడు. ఆయనకు ఆవిడ తెలుసు. నీళ్లు పోసి మంట ఆర్పి, మిగిలినవి భద్రపరిచాడు. అంచులు కాలిన ఆ కాగితాలు ఇప్పుడు ఫ్లోరిడా విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో ఉన్నాయి. ఒక పోలీసాయన ఆ దారిన రాకపోతే ఒక రచయిత్రి కాగితాలు పూర్తిగా బూడిదయ్యేవి. వాటిని కాపాడే బాధ్యత ఏ విశ్వవిద్యాలయానికీ, ఏ ప్రచురణ సంస్థకూ పట్టలేదు. నల్ల స్త్రీల చదువు ఏ స్థితి నుంచి మొదలైందో అర్థం కావాలంటే ఆ మంట గుర్తుండాలి.

1968 చివర శాన్ ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో విద్యార్థులు నెలల తరబడి సమ్మె చేసి నల్లజాతి అధ్యయనాల శాఖను సాధించుకున్నారు. 1970లో శాన్ డియాగో స్టేట్‌లో స్త్రీ అధ్యయనాలు మొదలయ్యాయి. రెండూ పోరాడి తెరిపించుకున్న తలుపులే. అయితే మొదటి చోట పాఠమంటే ఫ్రెడరిక్ డగ్లస్, డుబోయ్, రైట్. రెండో చోట పాఠమంటే ఇంగ్లండు, అమెరికాల తెల్లజాతి రచయిత్రులు. 1892లోనే పుస్తకం రాసి, 66 ఏళ్ల వయసులో పారిస్‌లోని సోర్బాన్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ తెచ్చుకున్న ఆనా జూలియా కూపర్‌కు రెండు చోట్లా చోటు దక్కలేదు. ఆమె పుట్టింది బానిసగా.

1972 ప్రాంతంలో ఆలిస్ వాకర్ వెల్‌స్లీ కాలేజీలో నల్లజాతి రచయిత్రుల మీద ఒక పాఠం మొదలుపెట్టింది. అమెరికాలో అలాంటివాటిలో తొలి పాఠాల్లో ఇదొకటి. పుస్తకాలు అంగళ్లలో దొరకవు గనుక జిరాక్సు కాపీలే పాఠ్యపుస్తకాలు. అక్కడొకరు, ఇక్కడొకరుగా దేశమంతటా ఇలా పాఠం చెబుతున్న పంతులమ్మలు కొద్దిమందే. వాళ్ల దగ్గరున్న హర్‌స్టన్ నవల ప్రతులు ఒకరి నుంచి ఒకరికి అరువు మీద తిరిగేవి. 1975 మార్చిలో ‘మిజ్’ పత్రికలో వాకర్ తన ఫోర్ట్ పియర్స్ ప్రయాణం గురించి రాసింది. ఆ ఏడాది డిసెంబరులో సాహిత్య అధ్యాపకుల జాతీయ మహాసభలో నవలను మళ్లీ అచ్చు వేయాలని సంతకాలు సేకరించారు. 1977లో రాబర్ట్ హెమెన్‌వే రాసిన హర్‌స్టన్ జీవితచరిత్ర వచ్చింది. 1978లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ ప్రెస్ నవలను తిరిగి వేసింది. మరుసటి ఏడాది, 1979లో, వాకర్ కూర్చిన హర్‌స్టన్ రచనల సంకలనం కూడా ఫెమినిస్ట్ ప్రెస్ నుంచి వెలువడింది. ఈనాడు అమెరికాలో చాలా కాలేజీల్లో ఆ నవల పాఠ్యాంశం. దాన్ని అక్కడికి చేర్చింది ఏ పండిత సభా కాదు, పంతులమ్మల జిరాక్సు కాగితాలు, సంతకాల పత్రాలు.

బోస్టన్‌లో వాకర్ పాఠాలు వినడానికి వచ్చినవాళ్లలో బార్బరా స్మిత్ ఒకరు. 1946లో ఓహైయో రాష్ట్రం క్లీవ్‌లాండ్‌లో కవలల్లో ఒకరిగా పుట్టింది. తల్లి ఈ పిల్లలకు తొమ్మిదేళ్లప్పుడే పోయింది. జార్జియా నుంచి వలస వచ్చిన అమ్మమ్మ, పెద్దమ్మల పెంపకంలో పెరిగింది. పుస్తకాలంటే ప్రాణంపెట్టే ఇల్లు అది. సాహిత్యం చదువుకున్న స్మిత్ 1973లో ఎమర్సన్ కాలేజీలో తానూ నల్లజాతి రచయిత్రుల పాఠం మొదలుపెట్టింది. అదే ఏడాది న్యూయార్క్‌లో నేషనల్ బ్లాక్ ఫెమినిస్ట్ ఆర్గనైజేషన్ పుట్టింది. ఆ సంస్థ తొలి సదస్సుకు వెళ్లి వచ్చిన స్మిత్, 1974లో బోస్టన్‌లో శాఖ పెట్టడానికి పూనుకుంది.

1974 నాటి బోస్టన్ ఎలా ఉండేదో చెప్పకపోతే ఈ కథకు నేల ఉండదు. జాతి భేదం లేకుండా పిల్లలందరూ కలిసి చదవాలంటూ, ఒక పేట పిల్లల్ని బస్సుల్లో మరో పేట బడికి పంపాలని ఆ ఏడాది జూన్‌లో న్యాయమూర్తి గారిటీ తీర్పిచ్చాడు. సెప్టెంబరులో బడులు తెరిచిన రోజున దక్షిణ బోస్టన్‌లో నల్ల పిల్లలున్న బస్సుల మీద రాళ్లు పడ్డాయి. ఆ ఊళ్లో నల్ల స్త్రీలు వారానికోసారి ఒక గదిలో కూర్చుని చదువుకోవడం, మాట్లాడుకోవడం ధైర్యం కావలసిన పనే. స్మిత్, ఆమె కవల సోదరి బెవర్లీ, చికాగో నుంచి వచ్చిన డెమిటా ఫ్రేజియర్ ఆ గుంపుకు పట్టుగొమ్మలు. జాతీయ సంస్థతో తొందరలోనే దారులు వేరయ్యాయి. మధ్యతరగతి హక్కుల దగ్గరే అది ఆగిపోతోందని వీళ్ల అసంతృప్తి. కొత్త పేరు పెట్టుకున్నారు: కంబాహీ రివర్ కలెక్టివ్. 1863 జూన్ 2న దక్షిణ కరోలినాలో కంబాహీ నది మీదుగా హారియట్ టబ్‌మన్ దారి చూపగా నల్లజాతి సైనికులు పడవల్లో వెళ్లి ఏడు వందల మందికి పైగా బానిసలను విడిపించారు. టబ్‌మన్ కథ మూడో భాగంలో చదివినవాళ్లకు ఆ రాత్రి గుర్తుండే ఉంటుంది. ఒక వ్యక్తి పేరు కాకుండా ఆ దాడి పేరు పెట్టుకోవడంలోనే వీళ్ల ఉద్దేశం తెలుస్తోంది.

1977 ఏప్రిల్లో ఆ ముగ్గురూ కలిసి తమ ప్రకటన రాశారు. జాతి, లింగం, వర్గం పేరిట జరిగే పీడనలు విడివిడిగా రావనీ, ఒకే బతుకులో ఒకేసారి పెనవేసుకుని ఉంటాయనీ దాని సారం. నల్ల మగవాళ్లను వదిలేసి పోయే ఆలోచన తమకు లేదని కూడా స్పష్టంగా రాసుకున్నారు. ఈ కాలపు రాజకీయాల్లో విరివిగా వినిపించే ‘ఐడెంటిటీ పాలిటిక్స్’ అన్న మాట అచ్చులో కనబడ్డ తొలి చోట్లలో ఇదొకటి. కొన్ని పేజీల ప్రకటన అంత దూరం ప్రయాణించింది. నా దృష్టిలో అంతకన్నా పెద్ద పని అదే ఏడాది జూలైలో మొదలైంది. మసాచుసెట్స్‌లోని సౌత్ హాడ్లీలో స్మిత్ బృందం నల్లజాతి స్త్రీవాదుల విడిది సమావేశం ఏర్పాటు చేసింది. ఇరవై మంది వరకు వచ్చారు. ఆహ్వానంలో ఒక విన్నపం ఉంది: నల్లజాతి స్త్రీవాదానికి సంబంధించి మీ దగ్గరున్న వ్యాసాలు, కరపత్రాలు, సొంత రాతలు ఏవైనా సరే, అందరికీ పంచడానికి కాపీలు తీసుకురండి. విశ్వవిద్యాలయానికి గ్రంథాలయం ఎలాగో వీళ్లకు ఆ సంచులు అలాగ. 1980 దాకా ఇలాంటి సమావేశాలు ఏడు జరిగాయి. వచ్చిన అతిథుల్లో హార్లెంలో పుట్టిన కవయిత్రి, ఒకప్పటి లైబ్రేరియన్ ఆడ్రీ లార్డ్ ఉంది. రెండు మూడు రోజులు కలిసి ఉండి, చదువుకుని, వాదించుకుని, నవ్వుకుని, ఎవరి ఊరికి వాళ్లు వెళ్లేవారు. వెళ్లాక రాయడం మొదలుపెట్టేవారు.

న్యూయార్క్‌లోనూ ఇలాంటిదే మరో కూటమి. 1977 ఫిబ్రవరిలో బ్రూక్లిన్‌లో కవయిత్రి జూన్ జోర్డన్ ఇంట్లో కొందరు నల్లజాతి రచయిత్రులు కలుసుకున్నారు. తమ గుంపుకు ‘సిస్టర్‌హుడ్’ అని పేరు పెట్టుకుని నెలకోసారి ఒకరింట్లో కలిసేవారు. ఆ రోజు తీసిన ఫొటో ఒకటి మిగిలింది. గోడ మీద గాయని బెస్సీ స్మిత్ పటం, దాని కింద ఆలిస్ వాకర్, టోనీ మారిసన్, ఎన్‌టొజాకి షాంగే తదితరులు. మారిసన్ అప్పుడు రాండమ్ హౌస్ ప్రచురణ సంస్థలో సంపాదకురాలు. గేల్ జోన్స్, టోనీ కేడ్ బంబారా, ఏంజెలా డేవిస్ పుస్తకాలు ఆమె చేతుల మీదుగానే వచ్చాయి. పెద్ద సంస్థలో కుర్చీ ఉన్న ఒక్క మనిషి తలచుకుంటే ఎన్ని తలుపులు తెరుచుకుంటాయో అది చూపిస్తుంది. ఆ కూటమి రెండేళ్లకే చెదిరింది. స్నేహాలు మాత్రం నిలిచాయి.

తగాదాల సంగతికి వద్దాం. అవి నాలుగు వైపుల నుంచీ వచ్చాయి. 1976లో షాంగే నాటకం బ్రాడ్వేకు చేరింది. 1979లో మిషెల్ వాలెస్ పుస్తకం నల్లజాతి ఉద్యమంలోని మగ పెత్తనాన్ని నిలదీసింది. ఈ రెండూ కలిసి పెద్ద దుమారం లేపాయి. ‘బ్లాక్ స్కాలర్’ పత్రికలో సామాజికశాస్త్రవేత్త రాబర్ట్ స్టేపుల్స్ ఈ కోపిష్టి స్త్రీవాదులకు జవాబంటూ రాశాడు. నల్ల మగవాళ్లు ఉద్యోగాలు లేక, జైళ్ల పాలై నలిగిపోతుంటే ఆడవాళ్లు ఇంటి గుట్టు రచ్చకెక్కిస్తున్నారన్నది ఆ వర్గం మనసులో మాట. ఆ బాధ అబద్ధమేమీ కాదు. కానీ బాధపడుతున్నవాడికి ఇంట్లో కొట్టే హక్కు ఎక్కడిదన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు. అదే పత్రిక తరవాతి సంచికలో లార్డ్ తదితరులు తిరుగు సమాధానాలిచ్చారు. అటు 1979 సెప్టెంబరులో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో స్త్రీవాద సదస్సు జరిగితే, నల్లజాతి స్త్రీలను ఒక్క చర్చకే పరిమితం చేసి, మిగతా సభంతా తెల్లవాళ్లతో నింపారని లార్డ్ వేదిక మీదే కడిగేసింది.

లోపలా వాదాలున్నాయి. 1977లో ‘కండిషన్స్’ పత్రికలో స్మిత్ రాసిన వ్యాసం నల్లజాతి రచయిత్రులను చదవడానికి కొత్త పద్ధతి కావాలని వాదించింది. మారిసన్ నవల ‘సులా’ను ఇద్దరు స్త్రీల ప్రేమ కథగా చదివి చూపించింది. స్వలింగ ప్రేమ గురించి బహిరంగంగా మాట్లాడటమే నేరంగా భావించే సభల్లో ఆమె తిట్లు తిన్నది. 1980లో డెబొరా మెక్‌డొవెల్ వేరే కోణం నుంచి జవాబు రాసింది. స్మిత్ నిర్వచనాలు వదులుగా ఉన్నాయని, రచనల శైలినీ నిర్మాణాన్నీ ఇంకా దగ్గరగా చదవాలని ఆమె వాదన. ఇది చీలికకు గుర్తని కొందరు బాధపడ్డారు గానీ, నేను దీన్ని పుట్టుక కిందే లెక్కవేస్తాను. ఒకరి వ్యాసాన్ని మరొకరు శ్రద్ధగా చదివి కాదనే రోజు వచ్చిందంటే, అక్కడ ఒక శాస్త్రం నిలదొక్కుకున్నట్టే.

ఇంతలో బోస్టన్‌లో శవాలు దొరకడం మొదలైంది. 1979 జనవరి చివరి నుంచి మే దాకా పన్నెండు మంది నల్లజాతి స్త్రీలు హత్యకు గురయ్యారు. మొదట్లో పత్రికల లోపలి పేజీల్లో చిన్న వార్త. ఏప్రిల్ 1న సంతాప ఊరేగింపు జరిగింది. వేదిక ఎక్కిన వక్తలు ఇది జాతి మీద దాడి అన్నారు, మన ఆడవాళ్లను మనమే కాపాడుకోవాలని మగవాళ్లకు పిలుపునిచ్చారు. చచ్చిపోయినవాళ్లు ఆడవాళ్లయినందుకే చచ్చిపోయారన్న మాట ఎవరూ అనలేదు. స్మిత్ ఇంటికి వెళ్లి కరపత్రం రాసింది. ఆరుగురు నల్లజాతి స్త్రీలు ఎందుకు చనిపోయారన్నది దాని శీర్షిక. అచ్చుకు వెళ్లి వచ్చేలోగా అంకె మారిపోయేది. ఆరు కొట్టేసి ఏడు, ఏడు కొట్టేసి ఎనిమిది అని దిద్దుతూ పంచారు. వెనక పేజీల్లో ఆత్మరక్షణ సూచనలు, సాయం చేసే సంస్థల వివరాలు. ఈ కరపత్రాన్ని నేను పరిశోధనా గ్రంథాల వరసలోనే పెడతాను. జాతి, లింగం పెనవేసుకుని ఉంటాయన్న రెండేళ్ల కిందటి సిద్ధాంతం ఆ వీధుల్లో నిలబడి తన అవసరాన్ని రుజువు చేసుకుంది.

1980లో ఆడ్రీ లార్డ్ స్మిత్‌కు ఫోన్ చేసింది. మన పుస్తకాలు మనమే వేసుకోవాలి, లేకపోతే ఎప్పటికీ ఇంకొకరి దయ మీద ఉంటామన్నది ఆ సంభాషణ సారాంశం. ఆ అక్టోబరు చివర బోస్టన్‌లో కొందరు కలిసి కూర్చున్నారు. అలా పుట్టిందే ‘కిచెన్ టేబుల్’ ప్రెస్. ఆడవాళ్లు పనిచేసేది, గుండె విప్పి మాట్లాడుకునేది వంటింటి బల్ల దగ్గరే గనుక ఆ పేరు పెట్టారు. పెట్టుబడి లేదు, సిబ్బంది లేరు. నల్లజాతివాళ్లతో ఆగకుండా మెక్సికన్, ఆసియా, ఆదివాసీ మూలాలున్న స్త్రీల పుస్తకాలు కూడా వేయాలని నిర్ణయించుకున్నారు. చెరీ మొరాగా, గ్లోరియా అంజాల్డువా కూర్చిన ‘దిస్ బ్రిడ్జ్ కాల్డ్ మై బ్యాక్’ 1981లో వేరే ప్రచురణ సంస్థ నుంచి వచ్చింది. ఆ సంస్థ రెండేళ్లకే మూతపడితే పుస్తకం అనాథ కాకుండా తిరిగి వేసింది కిచెన్ టేబులే. స్మిత్ కూర్చిన ‘హోమ్ గర్ల్స్’ కూడా 1983లో ఇక్కడి నుంచే.

1982లో గ్లోరియా హల్, పాట్రీషియా బెల్ స్కాట్, బార్బరా స్మిత్ కలిసి ఒక సంకలనం తెచ్చారు. ఆడవాళ్లంటే అందరూ తెల్లవాళ్లే, నల్లవాళ్లంటే అందరూ మగవాళ్లే, మాలో కొందరం మాత్రం ధైర్యవంతులమని చెప్పే పొడుగాటి పేరు దానిది. వ్యాసాలకు పేరొచ్చింది. పంతులమ్మలు ఎక్కువగా చింపుకుని, నకలు తీసుకుని వాడుకున్నవి మాత్రం వెనక భాగంలోని పేజీలు: ఏ రచయిత్రి ఏం రాసిందో చెప్పే పుస్తకాల జాబితాలు, వేర్వేరు కాలేజీల్లో నిజంగా చెప్పిన పాఠాల ప్రణాళికలు. ఎక్కడో మారుమూల కాలేజీలో ఒంటరిగా ఉన్న అధ్యాపకురాలు, మా దగ్గర అలాంటి పాఠానికి సామగ్రి లేదనే శాఖాధిపతి ముందు ఆ పేజీలు పరిచి చూపించగలిగింది. ఒక శాస్త్రాన్ని నిలబెట్టడంలో ఇలాంటి జాబితాల విలువ సిద్ధాంతాలకు ఏమాత్రం తక్కువ కాదు.

ఆ పుస్తకాన్ని, అంతకుముందు హర్‌స్టన్ సంకలనాన్ని వేసిన ఫెమినిస్ట్ ప్రెస్‌కు మన హైదరాబాదుతో ముడి ఉంది. సూసీ తారు, కె. లలిత కూర్చిన ‘విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా’ రెండు సంపుటాలు 1991, 1993లలో అక్కడి నుంచే అచ్చయ్యాయి. ముద్దుపళని రాధికాసాంత్వనం సంగతి, ఆ కావ్యం కోసం వెతికి 1910లో తిరిగి అచ్చు వేయించిన బెంగళూరు నాగరత్నమ్మ సంగతి, ఆ మరుసటి ఏడాదే ప్రభుత్వం దాన్ని నిషేధించిన సంగతి ఆ సంపుటాల ద్వారా ప్రపంచానికి తెలిశాయి. హర్‌స్టన్‌ను వెతికిన వాకర్‌కు మన నాగరత్నమ్మ అరవై ఏళ్లకు పైగా పెద్ద.

ఇప్పుడు ఇండియానా రాష్ట్రానికి వెళ్దాం. ఈ భాగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. 1980లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో చరిత్ర బోధిస్తున్న డార్లీన్ క్లార్క్ హైన్‌కు ఒక ఫోన్ వచ్చింది. ఇండియానాపోలిస్‌లో బడిపంతులమ్మ, నేషనల్ కౌన్సిల్ ఆఫ్ నీగ్రో విమెన్ స్థానిక శాఖ నాయకురాలు షర్లీ హెర్డ్ మాట్లాడుతోంది. మా రాష్ట్రంలోని నల్లజాతి స్త్రీల చరిత్ర మీరు రాసిపెట్టాలి అంది. హైన్ అప్పటిదాకా టెక్సస్‌లో నల్లవాళ్ల ఓటుహక్కు పోరాటం మీద పరిశోధన చేసింది. స్త్రీల చరిత్ర ఆమె చదువుకున్నదీ కాదు, రాయాలనుకున్నదీ కాదు. హోటల్లో తినుబండారం తెమ్మన్నట్టు చరిత్రకారులకు ఫోన్ చేసి పుస్తకం తెమ్మంటే కుదరదని నచ్చజెప్పబోయింది. హెర్డ్ తగ్గలేదు. మీరు నల్లజాతి స్త్రీయే కదా, చరిత్రకారిణే కదా, అయినా నల్లజాతి స్త్రీల చరిత్ర రాయలేనంటారా అని అడిగేసరికి హైన్ దగ్గర జవాబు లేకపోయింది.

ఆ తరవాత వచ్చినవి పెట్టెలు. హెర్డ్, ఆమె స్నేహితురాళ్లు రాష్ట్రమంతా తిరిగి ఇళ్ల అటకల మీంచి, మంచాల కిందినుంచి సేకరించిన కాగితాలు: స్త్రీల సంఘాల సమావేశాల రాతలు, చర్చి కార్యక్రమ పత్రాలు, ఉత్తరాలు, ఫొటోలు, చావు కబుర్ల పత్రికా కత్తిరింపులు. వాటిని విప్పి చూస్తే నల్లజాతి స్త్రీలు నడిపిన ఆసుపత్రులు, అనాథాశ్రమాలు, వృద్ధుల ఇళ్లు, చదువు నిధులు బయటపడ్డాయి. ఏ చరిత్ర పుస్తకంలోనూ వాటి ఊసు లేదు. 1981లో హైన్ పుస్తకం వచ్చింది. ప్రచురించింది విశ్వవిద్యాలయం కాదు, ఆ ఇండియానాపోలిస్ శాఖే. ఆ వెంటనే ఇండియానా, ఇల్లినాయ్ రాష్ట్రాల్లో ఇంటింటి నుంచీ ఇలాంటి కాగితాలు సేకరించి గ్రంథాలయాల్లో భద్రపరిచే ఉద్యమం మొదలైంది. 1993లో హైన్, రోజలిన్ టెర్‌బోర్గ్ పెన్, ఎల్సా బార్‌క్లీ బ్రౌన్‌ల ఆధ్వర్యంలో అమెరికా నల్లజాతి స్త్రీల చారిత్రక విజ్ఞానసర్వస్వం రెండు పెద్ద సంపుటాలుగా వెలువడింది. చరిత్రకారిణికి విషయం ఇచ్చింది, సామగ్రి ఇచ్చింది, పట్టుబట్టి రాయించింది ఒక బడిపంతులమ్మ. పరిశోధకులు సమాజం నుంచి సమాచారం తీసుకుని వెళ్లిపోతారన్న మాట చాలాసార్లు నిజం. ఇక్కడ సమాజమే పరిశోధకురాలిని తయారుచేసుకుంది.

మిగతా పునాదిరాళ్లు గబగబా చెప్పుకుందాం. 1979లో టెర్‌బోర్గ్ పెన్, మరికొందరు కలిసి నల్లజాతి చరిత్రకారిణుల సంఘం స్థాపించారు. అదే ఏడాది నవంబరులో వాషింగ్టన్‌లో మేరీ మెక్లియాడ్ బెథ్యూన్ పేరిట నల్లజాతి స్త్రీల చరిత్రకు జాతీయ భాండాగారం తెరుచుకుంది. 1881లో అట్లాంటాలో ఒక చర్చి నేలమాళిగలో పదకొండు మంది విద్యార్థినులతో మొదలైన స్పెల్మన్ కాలేజీలో, సరిగ్గా నూరేళ్లకు, బెవర్లీ గై షెఫ్టాల్ స్త్రీల పరిశోధనా కేంద్రం ప్రారంభించింది. 1984లో అక్కడి నుంచే ‘సేజ్’ అనే పత్రిక వచ్చింది. నల్లజాతి స్త్రీల మీద పరిశోధనకే అంకితమైన ఆ పత్రిక 1995 దాకా నడిచింది. ఒక వ్యాసం రాస్తే దాన్ని అర్థం చేసుకుని పరిశీలించేవాళ్లు, తప్పులు దిద్దేవాళ్లు, అచ్చు వేసేవాళ్లు తమలోనే ఉండటం అంతకుముందు తరానికి తెలియని భాగ్యం. ఆనా జూలియా కూపర్ 105 ఏళ్లు బతికింది. ఇలాంటి పత్రిక ఒక్కటీ చూడకుండానే 1964లో పోయింది.

1983లో ఆలిస్ వాకర్ వ్యాసాల పుస్తకం వచ్చింది. దాని మొదటి పేజీల్లో ‘ఉమనిస్ట్’ అన్న పదానికి ఆమె ఒక నిర్వచనం రాసి పెట్టింది. ఫెమినిస్ట్ అనిపించుకోవడం ఇష్టంలేని ఎందరో నల్లజాతి స్త్రీలు దాన్ని సొంతం చేసుకున్నారు. అందరికంటే ముందు అందుకున్నవాళ్లు చర్చిల్లో పెరిగి, న్యూయార్క్‌లోని యూనియన్ థియొలాజికల్ సెమినరీలో దైవశాస్త్రం చదువుతున్న కొందరు యువతులు. ప్రార్థనకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే అయినా ఉపదేశం చేసేది మగవాడే ఎందుకని వాళ్లు అడిగారు. బైబిల్లో అబ్రహాము ఇంటి దాసి హాగరు కథను తమ కథగా చదివారు. జాక్వలిన్ గ్రాంట్, డెలోరెస్ విలియమ్స్, కేటీ కానన్ వాళ్లలో ముఖ్యులు. ఉత్తర కరోలినాలో బట్టల మిల్లుల ఊరు కన్నాపొలిస్‌లో పుట్టిన కానన్ 1974లో తన ప్రెస్బిటేరియన్ చర్చిలో పాస్టరుగా దీక్ష పొందిన తొలి నల్లజాతి స్త్రీ. వచ్చే భాగం ఆమెతో మొదలవుతుంది.